భోజనాల బల్ల మీద దండయాత్ర

అన్నయ్యకి,

ఇక్కడ అందరం క్షేమంగా నేల మీద కూర్చుని తింటున్నాం. ఆదివారాల్లో నువ్వూ మీ బావా పటం పరిచి ఆడే ఆ రాజ్యాల యుద్ధం మా భోజనాల బల్లను ఆక్రమించి ఐదు నెలలైంది.

ఒక సంగతి చెప్పాలి. మొన్న నీ కొండకోట పడిపోయినప్పటి నుంచి మీ బావ "మీ అన్నయ్యకి వ్యూహం తెలీదు" అంటూ మీసం మెలేస్తూ తిరుగుతున్నారు. తప్పు నీది కాదు. ఆ ముందురోజు మీ సైన్యాల అట్టబిళ్ళలు ఒక్కొక్కటే ఎత్తి దుమ్ము తుడుస్తూ, నీ గుర్రపుదండును ఒక గడి వెనక్కి పెట్టేశాను.

ఆయనకు చెబితే ఆట మళ్ళీ మొదటికొస్తుంది. అందుకని ఆయన ఆఫీసుకెళ్ళాక ఆ అరవై పేజీల నియమాల పుస్తకం రెండుసార్లు చదివాను. చలికాలంలో నది గడ్డకడుతుందట. మీరిద్దరూ ఆ పేజీ తిప్పినట్టు లేరు. ఆటలో ఇప్పుడు చలికాలమే కదా, ఈ ఆదివారం నది మీదుగా నేరుగా ఆయన రాజధానికి నడువు. అక్కడ కాపలాకి ముసలి విలుకాళ్ళ బిళ్ళ ఒక్కటే ఉంది.

గెలిచాక బల్ల మాత్రం ఖాళీ చెయ్యకండి. ఇంకో ఆట ఆడదామని ఆయన అడిగితే నడుంనొప్పని చెప్పు. నీ కుర్చీలో నేను కూర్చుంటాను.

నీ చెల్లెలు