ఆ రెండు అంతస్తులు

అమ్మలూ,

మీ అమ్మ పోయిన రోజు నేను ఆస్పత్రి కింద టీ తాగుతున్నాను. నర్సు ఫోన్ చేసి వెంటనే రమ్మంది. లిఫ్టు పాడైంది. నాలుగో అంతస్తుకు మెట్లెక్కుతూ రెండో అంతస్తులోనే ఆయాసంతో కూలబడ్డాను. గదికి చేరేసరికి అంతా అయిపోయింది. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నానని నీకు చెప్పింది అబద్ధం.

"పొద్దున్నే ఓ అరగంట నడవండి మహానుభావా, మీ పేపరెక్కడికీ పారిపోదు" అని అమ్మ ఏళ్ల తరబడి పోరింది. తీరిక లేదనేవాణ్ణి. పేపరు ముందు మాత్రం రోజూ గంటన్నర కూర్చునేవాణ్ణి.

గుండె బాగానే ఉందని, కదలకపోవడమే నా జబ్బని డాక్టరు తేల్చాడు. నన్ను నీ ఇంటికి తీసుకెళ్లడానికి ఇప్పుడే రావద్దు. నన్ను నేను చూసుకోగలనో లేదో మూడు నెలలు చూడు. రేపు పొద్దున ఐదున్నరకు పార్కు చుట్టూ ఒక చుట్టు నడుస్తాను, ఎంతసేపు పట్టినా సరే.

నాన్న