నా అన్నంలో మాత్ర ఉన్నదీ లేనిదీ తెలుపవలసినదిగా

చోడవరం,
1998 సెప్టెంబరు.

డ్రగ్స్ ఇన్‌స్పెక్టరు వారి సముఖమునకు, చోడవరం సబ్ రిజిస్ట్రారు ఆఫీసు అరుగు మీద కూర్చుండు దస్తావేజు లేఖరి ఏడువాక సత్యారావు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మందుల షాపులో శిక్షణ పొందుచున్న ఒక విద్యార్థిని "కౌన్సెలింగు" అను పేరిట నా భార్యతో ఏమి మాట్లాడినదీ, నా అన్నంలో కలుపు నిమిత్తం మాత్ర ఇచ్చినదీ లేనిదీ దాచిపెట్టుట గురించి.

1. నేను ఇరవై ఏళ్ళకు పైబడి ఈ వృత్తిలో ఉన్నాను. రోలుగుంట, బుచ్చయ్యపేట, కె.కోటపాడు మండలాల్లో అన్నదమ్ములు పంచుకున్న చెరుకు భూములకు సగానికి సగం హద్దులు నా చేతి వ్రాతలోనే ఉన్నవి. తూర్పు, పడమర ఏనాడూ తప్పలేదు. సాయంకాలం కొద్దిగా సేవించు అలవాటు కలదు. కిందటి ఏడు ప్రభుత్వం వారు నిషేధం సడలించి షాపులు తెరిచిన పిదప నేను తాగునదంతా సీలు వేసిన సరుకే గనుక, నేను ఖజానాకు ఆదాయం చేకూర్చు పౌరుడినని తమరికి వేరే చెప్పనక్కరలేదు.

2. గత ఆషాఢమాసంలో నా భార్య నూకరత్నం కుడి చెయ్యి విరగడం జరిగినది. నేను విరిచితినని కాదు. కూరలో ఉప్పు విషయమై మాట మీద మాట పెరిగి, పీట ఎత్తడం జరిగినది, ఆమె తల కాచుకొనుటకు చెయ్యి అడ్డుపెట్టడం జరిగినది, పీట దిగడం జరిగినది. ఇందులో నా పాత్ర ఎంత, పీట పాత్ర ఎంత అనునది కోర్టులు తేల్చవలసిన సంగతి. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చినదని సామెత. నా భార్య దేనికీ ఏడవలేదు. ఏడవకపోవుట నాకు మరింత కోపం తెప్పించిన మాట నిజం.

3. నొప్పి మాత్రల కొరకు ఆమె జ్ఞానకుమారి గారి మందుల షాపుకు వెళ్ళినది. అయ్యా, మన ప్రాంతంలో మందుల షాపు అంటే ఎలా ఉండాలి? ఖాళీ రేకు ముక్క చూపించితే అటువంటిదే కత్తెరతో కోసి చేతిలో పెట్టి, పక్కవాడి వంక చూడాలి. ఎవరికి, ఎందుకు అని అడిగిన పాపాన ఎవరూ పోరు. సంసారాలన్నీ చల్లగా ఉండేవి. కానీ ఆ షాపులో సాయిమా అను పిల్ల ఉన్నది. ఫార్మసీ డిప్లొమా చదువుచూ, శిక్షణకై అనకాపల్లి నుండి రోజూ బస్సులో వచ్చును. రోగితో కూర్చుని మాట్లాడుట వారికి పాఠమట. నా భార్యను లోపల స్టూలు మీద కూర్చోబెట్టి అడిగినది. ఆ సమయంలో తలనొప్పి మాత్రకు వెళ్ళిన మా పక్కింటి దేముడమ్మ చెప్పిన ప్రకారం ఆ మాటలు ఇవి.

"సెయ్యి ఎలా ఇరిగింది పిన్నీ?"

"నూతికాడ జారిపడిపోనానమ్మా."

"జారిపడితే మెడ మీద వేళ్ళ గుర్తులు పడవు కదా పిన్నీ."

నా భార్య కొంగు మెడ మీదికి లాక్కుని, "తాగుడు మానిపించీ మాత్ర ఉందంట కదమ్మా. పప్పులో కలిపెస్తే తెలీదంట. ఉంటే ఇయ్యి" అన్నదట.

అప్పుడా పిల్ల లేచి తెర లాగినది. దేముడమ్మ ఎంత మెడ సాచినా ఆ పైన ఒక్క ముక్క వినపడలేదు. నా బతుకు ఆ తెర వెనుక ఉండిపోయినది.

4. ఆ సాయంకాలం నూకరత్నం ఎడమచేత్తో వడ్డించి, ఎన్నడూ లేనిది నా ఎదురుగా వచ్చి కూర్చున్నది.

"తిను. తిన్నాక తాగితే మాత్రం గుండె ఆగిపోద్దట. తాగకపోతే ఏటీ అవదట. నీ ఇష్టం."

"ఏటి కలిపేవే?"

"తిని సూడు."

కంచం గోడకేసి కొట్టడం జరిగినది. కంచం వెళ్ళిన దారినే, జుట్టు పట్టుకుని, ఆమె తలను కూడా పంపడం జరిగినది. పప్పు, నెత్తురు కలిసి గోడ మీద కారినవి. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, "ఇది కాకపోతే రేపటి అన్నం. రోజూ తినాలి కదా" అన్నది. గొంతు పెంచలేదు. నేను నేరుగా బ్రాందీ షాపుకు పోయి క్వార్టరు తాగితిని. వెంటనే చెవులు వేడెక్కి, గుండె డప్పులా కొట్టుకుని, బస్టాండు పక్క కాలువలో వాంతి చేసుకుని అందులోనే పడితిని. అది మధ్యాహ్నం తిన్న అన్నంలోని మాత్ర పనియో, భయం పనియో నేటికీ తెలియదు. ఆనాటి నుండి చుక్క ముట్టలేదు.

5. పరీక్ష చేయకపోలేదు. వండినది ముందుగా ఆమె చేత తినిపించితిని. ఆమె కడుపు నిండా తిని, "నాకేటవుద్ది? నేను తాగను కదా" అన్నది. వీధికుక్కకు ఆ అన్నం పెట్టి, వెనుక బ్రాందీ కలిపిన పాలు పోసితిని. కుక్క అన్నం తిన్నది. పాలు వాసన చూసి, నా పిక్క పట్టుకున్నది. ఆ రాత్రే కుక్కను బడితెతో చంపడం జరిగినది. నాకు బొడ్డు చుట్టూ సూదులు పొడిచినారు.

6. ఇక సహించలేక వినాయక చవితి నాడు కాగితాల మీద బరువుకు పెట్టుకొను నల్లరాయి పట్టుకుని షాపుకు వెళ్ళితిని. ముందు అద్దాల బల్ల పగలడం జరిగినది. తరువాత ఆ పిల్ల మణికట్టు దొరకబుచ్చుకుని మెలి తిప్పితిని.

"సెప్పు. ఇచ్చేవా, లేదా?"

"ఆ మాత్ర సంగతి అడగండి బాబాయిగారూ, సెప్తాను. అది పడ్డాక తాగితే గుండె దడ, వాంతులు, ప్రాణమే పోవచ్చు. ఆపేసినా కొన్నాళ్ళు ఒంట్లో ఉంటాది. తాగకపోతే మీకు భయం లేదు. ఆవిడ సంగతి మాత్రం సెప్పను."

"తినీవోణ్ణి నేను! రోగిని నేను!"

"నా కాడికొచ్చింది ఆవిడ. సెయ్యిరిగింది ఆవిడకి. షాపుకొచ్చినోళ్ళ మాట బయటపెట్టకూడదని మాకు మొదట నేర్పేది ఇదే. నాది కూడా ఇరగ్గొట్టండి, సెప్పను."

మరికొంత మెలి తిప్పితిని. ఆ పిల్ల కేకకు జ్ఞానకుమారి గారు షట్టరు లాగు ఇనుప కొక్కెం అందుకున్నారు. యాభై దాటిన మనిషి, చర్చిలో ముందు వరుసలో పాడు మనిషి. మొదటి దెబ్బ భుజం మీద, రెండవది కనుబొమ్మ మీద. నెత్తురు కంట్లో పడి గాజుపెంకుల మీద బోర్లా పడితిని. అప్పుడు జ్వరం మందుకు వచ్చినవారు, దగ్గు మందుకు వచ్చినవారు కూడా తలా ఒక తన్ను తన్నినారు. వారెవరికీ నాతో పూర్వ వైరం లేదు. ఒకతనికి అద్దె అగ్రిమెంటు కూడా వ్రాసి యున్నాను.

7. పెద్దాసుపత్రిలో కుట్లు వేసి మందులకు చీటీ ఇచ్చినారు. పండుగ అగుటచే ఊళ్ళో షాపులన్నీ మూసి ఉన్నవి. తెరిచినది జ్ఞానకుమారి గారిదొక్కటే. అయ్యా, వెళ్ళితిని. ఏం చేయను, కనుబొమ్మ సలుపుచున్నది. సాయిమా మణికట్టుకు గుడ్డ చుట్టుకుని ఎడమచేత్తో రేకు కోసినది. నా మొహం చూడలేదు, చీటీ రెండుసార్లు చూసినది.

"ఇది పొద్దున్న ఒకటి, మజ్జానం ఒకటి, రాత్రి ఒకటి. అన్నం తిన్నాక. కుట్లు తడపకండి. తగ్గిందని మధ్యలో ఆపకండి. నేనేం సెప్పేనో ఓసారి మీరు సెప్పండి."

"తెలుసులే, ఇయ్యి."

"సెప్పాలి బాబాయిగారూ. మీకు అర్థమైందో లేదో తెలుసుకోకుండా ఇవ్వకూడదు."

నన్ను తన్నినవారే చుట్టూ నిలబడి ఉన్నారు. ఒకటో తరగతి పిల్లవాడిలా అప్పజెప్పితిని. "అన్నం తిన్నాక" అను మాట దగ్గర దగ్గు వచ్చినది. ఆ పిల్ల మంచినీళ్ళ గ్లాసు జరిపినది. నేను ఆ గ్లాసు వంక చూసి, తాగకుండా వచ్చేసితిని.

8. ప్రస్తుత పరిస్థితి. హోటల్లో తిందునా, ఇంట్లో నీళ్ళు తాగవలెను కదా. నీళ్ళు మానుదునా, ఆమె ఉతికిన చొక్కా తొడగవలెను. చొక్కాకూ మాత్రకూ సంబంధం లేదని తెలుసు. అయినా వాసన చూచుచున్నాను. నా భార్య కట్టు విప్పినారు. వారానికోసారి ఆ షాపుకు పోయి, స్టూలు మీద కూర్చుని, ఏదో మాట్లాడి వచ్చుచున్నది. వచ్చేటప్పుడు నవ్వు మొహంతో వచ్చుచున్నది. చెయ్యి ఎత్తుదామంటే, మరునాటి కంచం గుర్తు వచ్చుచున్నది. అయ్యా, నాకు భయంగా ఉన్నది. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో భయపడినది నేను కాదు.

9. డాక్టరు చీటీ లేనిదే ఆ మాత్ర ఇవ్వరాదని, తాగేవాడికి తెలియకుండా అస్సలు పెట్టరాదని, వారికి నేర్పు పాఠంలోనే ఉన్నదని తెలిసినవారు అనుచున్నారు. ఆ పిల్ల పాఠం తప్పే రకం కాదని నేను మణికట్టు మెలి తిప్పిన నాడే తేలినది. అలాగైతే ఇచ్చి ఉండదు. ఇవ్వకపోతే, నా భార్య ఉత్త నోటిమాటతో నన్ను ఇంతకాలం కట్టిపడేసినదన్న మాట. ఈ ఆలోచన రోజుకు నాలుగుసార్లు వచ్చుచున్నది. వచ్చినప్పుడల్లా పళ్ళు నూరుకొనుచున్నాను. కానీ రూఢి లేదు.

కావున, సదరు విద్యార్థినిని తమ ఆఫీసుకు పిలిపించి, మాత్ర ఇచ్చినదో లేదో తెలుసుకుని, ఆ ఒక్క మాట నాకు వ్రాతపూర్వకంగా తెలియజేయవలెననియు, ఇకమీదట మందుల షాపుల్లో మందు తప్ప మాట ఇవ్వరాదని ఉత్తర్వులు జారీ చేయవలెననియు, అన్నమునకు భయపడు ఒక సంసారి మొర తమరు చిత్తగించవలెననియు ప్రార్థన.

తమ విధేయుడు,
ఏడువాక సత్యారావు

తా.క. అయ్యా, అర్జీ భాషలో రాయలేనిది ఒకటి ఉంది. మీరు "ఉంది" అని రాస్తే పోలీసు కేసు పెడతాను, న్యాయప్రకారం పోతాను. "లేదు" అని రాస్తే మీకు ఇంక శ్రమ లేదు. చెరుకు కొట్టే కత్తి సాన పట్టించి చూరులో పెట్టేను, మిగతాది నేను చూసుకుంటాను. జవాబు ఇంటికి పంపకండి, ఆవిడకి చదువొచ్చు. ఆఫీసు అరుగు మీదికే పంపండి. అది అందేదాకా ఆవిడ పెట్టింది తిని, తాగకుండా, చెయ్యెత్తకుండా పడి ఉంటాను. ఇంకో దారి లేదు నాకు. అందుచేత దయచేసి ఆలస్యం చెయ్యకండి.