నాచు డబ్బా

ప్రభుదాస్,

ఆదివారం, మీ అన్న జ్ఞాపకార్థ కూడిక రోజే, ఆయన ఉప్పునీటి తొట్టిలోని రెండు చేపల్లో ఒకటి చనిపోయింది. "జర మోటరు బంద్ చెయ్ వదినా, ప్రార్థన వినొస్తలేదు" అన్నది నువ్వే. తొట్టికి గాలి పంపే ఆ మోటరు మళ్లీ వేయడం మరిచింది నేను.

మిగిలిన చేప కోసం మీ అన్న మొదలుపెట్టిన నాచు డబ్బా పూర్తి చెయ్యి. దాన్ని తొట్టికన్నా ఎత్తున పెట్టు. చిన్న మోటరుతో తొట్టి నీళ్లు డబ్బాలోకి ఎక్కి, పైపులోంచి తిరిగి తొట్టిలోకి దిగాలి. సముద్రపు నాచు వేసి, పైన బల్బు పెట్టు. నీళ్లలోని మురికిని నాచు లాగేస్తుంది. బోరు నీళ్లు మాత్రం పోయకు.

నేను గరిడేపల్లి బడిలో ఉద్యోగానికి వెళ్తున్నాను. వేళకు అన్నం తిను.

వదిన

తా.క. డబ్బా మీద పైపు రంధ్రానికి మీ అన్న పెన్సిల్‌తో గుండ్రంగా గుర్తు పెట్టాడు. ప్లాస్టిక్‌కు రంధ్రం చేద్దామని ఇనుప చువ్వ రెండుసార్లు కాల్చాను. ఆ గుర్తు పోతుందని రంధ్రం ఇంకా వేయలేదు.