కొట్టేసిన మాట కింద చుక్కలు

అత్తయ్యగారికి మీ కోడలు నమస్కరించి రాస్తున్న సంగతులు.

అక్కడ మీరూ, వదినా, అన్నయ్యగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. "ఇక్కడ మేమంతా క్షేమం" అని రాయబోయి చెయ్యి ఆపుకున్నాను. పోయినసారి అలా రాస్తే మీరు "అంతా" కింద ఎర్రగీత గీసి, పక్కన "అంటే ఎవరెవరు?" అని రాసి, ఉత్తరాన్నే వెనక్కి పంపారు. ముప్పై నాలుగేళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన అత్తగారికి ఉత్తరం రాయడమంటే మళ్ళీ పదో తరగతి పరీక్షకు కూర్చున్నట్టే. మీ ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది, కాకపోతే కాస్త కిందుంది. చివరి పేజీ ముందు చూసే అలవాటు ఈ ఒక్కసారికి మానుకుని వరసగా చదవండి.

మీ భూతద్దం దొరికింది. కుట్టుమిషను సొరుగులో దారపు ఉండల కింద ఉంది. మీరేమో నేనెక్కడో పారేశానని వదినతో అన్నారట. వంటింటి కుళాయి కారడం ఆగింది, నేనే వాషరు మార్చాను. వదిన కాలి కట్టులో దురద పుడితే అల్లికసూది దోపి గోక్కుంటోందని రాశారు. అలా చేయొద్దని నా మాటగా చెప్పండి, పుండు పడితే ఇంకో నెల మంచం దిగనివ్వరు.

"అసలు నీ పనేమిటో నాకర్థమయ్యేలా రాయి, మీ ఆయన్నడిగితే సగం చెప్పి సగం నవ్వుతాడు" అన్నారు. రాస్తాను. చాలా దేశాలు కలిసి అడవుల్ని నిలబెట్టడానికి ఒక కార్యక్రమం పెట్టుకున్నాయి. అడవిని నరక్కుండా ఉంచిన దేశానికి మిగతా దేశాలు సాయం చేస్తాయి. నరక్కుండా ఉంచారో లేదో చూసి చెప్పడానికి ఎవరి జీతగాళ్ళూ కాని మనుషులు కావాలి. మన దేశానికి అలాంటి వాళ్ళం ఏడుగురం ఉన్నాం, సలహా సంఘం అంటారు. వెళ్ళి చూడాలి, కొలవాలి, చూసింది చూసినట్టు రాయాలి. పని అంతే. వినడానికి ఇంత తేలికైన పని ఇంకోటి లేదు.

మాకు కొండలు చూపించేది ఒక పెద్దాయన. అటవీశాఖలో కాపలాదారుగా చేసి రిటైరయ్యాడు. మెడలో ఎప్పుడూ కొలతటేపు వేలాడుతుండేది కాబట్టి అందరూ టేపు తాత అంటారు. ఛాతీ ఎత్తున చెట్టుకు టేపు చుట్టి, అంకె చదివే ముందు ఒక్క క్షణం చెట్టు మీద అరచెయ్యి ఆనించేవాడు. ఎందుకు తాతా అంటే "పరాయి మనిషిని కొలిచేముందు ఓ మాట చెప్పొద్దా" అనేవాడు. పడమటి కొండ మీద ఒక ఎకరంలో మేమిద్దరం అరవై రెండు రకాల చెట్లు లెక్కపెట్టాం. కింద ఊరికి నీళ్ళిచ్చే వాగు పుట్టేది అక్కడే. కొండ దిగితే కాగితం మిల్లు కోసం నాటిన చెట్లుంటాయి. అన్నీ ఒకే రకం, ఒకే వయసు, ఒకే దూరం. అందులో పిట్ట కూడా కూయదు. ఆరేళ్ళకోసారి మొత్తం కొట్టేసి మళ్ళీ నాటుతారు. దాన్ని తోట అంటారు. మీరూ తోటే అంటారు, నేనూ తోటే అంటాను.

మంత్రిగారి కార్యాలయం మాత్రం దాన్ని అడవి అనమంటోంది.

అందులో తిరకాసేమిటంటే, తోటను కూడా అడవి లెక్కలో కలిపేస్తే, కొండ మీద అసలు అడవిని నరికినా కాగితం మీద అడవి తగ్గదు. కింద పెరిగింది, పైన తరిగింది, చెల్లుకు చెల్లు. ఒక్క మాట మారిస్తే చాలు, ఒక కొండ బోడిదైపోతుంది. అందుకే ఆ మాట చుట్టూ ఇంత మంది తిరుగుతున్నారు.

ఈ మాట మార్పించే పని ఒక అధికారికి అప్పగించారు. గొంతు పెంచడు, కుర్చీ లాగి మరీ కూర్చోబెడతాడు. మేం ఆయనకు వెన్నపూస అని పేరు పెట్టుకున్నాం. రెండు నెలల క్రితం పడమటి కొండ గురించి రాసిన మా నివేదిక చిత్తుప్రతి ముందు పెట్టుకుని, "తోట" అని ఉన్న పదకొండు చోట్లా సన్నగా కొట్టేసి, పైన "అడవి" అని రాసి నా వైపు తిప్పాడు. అన్నీ పెన్సిల్‌తోనే. రబ్బరు పెట్టి రుద్దితే ఎవరు కొట్టేశారో ఎవరికీ తెలియదు.

"చిన్న మార్పే మేడం. చెట్లు చెట్లే కదా," అన్నాడు.

"బడిలో వరసగా బెంచీల మీద కూర్చోబెట్టిన పిల్లల్ని కుటుంబం అంటామా?" అన్నాను.

"మీతో మాట్లాడి గెలవలేం," అని నవ్వాడు. "వచ్చే సమావేశంలో మంత్రిగారు అన్ని దేశాల వాళ్ళ ముందూ ఇది చదవాలి. పైవాళ్ళు ఈ వాక్యం కోసమే చూస్తున్నారు."

"చదవమనండి. నేను రాసింది చదవమనండి."

గదిలో మిగతా ఆరుగురూ ఉన్నారు. నేల గురించి చదువుకున్నాయన ఫ్యాను వైపు చూస్తున్నాడు. నదుల నిపుణురాలు సంచిలో కళ్ళద్దాలు వెతుక్కుంటోంది, కళ్ళద్దాలు ముక్కు మీదే ఉన్నాయి. నాకు వెన్నపూస మీద కంటే వీళ్ళ మీద ఎక్కువ మండింది. ఆయన కనీసం తన పని తాను చేస్తున్నాడు. అప్పుడు ఆయన చాలా ఆప్యాయంగా, "మీ ఆయనగారు ఇక్కడి పాలిటెక్నిక్‌లోనే కదా చెప్తున్నారు?" అని అడిగాడు. అవునన్నాను. "మంచి ఊరు," అన్నాడు.

ఇప్పుడు మీ ప్రశ్న. పోయిన ఉత్తరం కవరు చూసి "ముద్ర వేరే ఊరిది పడిందేం? వాడి చేతిరాత, వేరే ఊరి తపాలా. ఏం దాస్తున్నారు?" అని అడిగారు. మీ కళ్ళు కప్పడం ఎవరి తరం? మీ అబ్బాయిని బదిలీ చేశారత్తయ్యా. నేను కాదన్న ఎనిమిదో రోజున కాగితం వచ్చింది. బస్సులో పదకొండు గంటల ప్రయాణం. అప్పటికి పరీక్షలు మూడు వారాల్లో ఉన్నాయి, తన తరగతి వాళ్ళ డ్రాయింగులు సగం దిద్ది ఉన్నాయి. "పరిపాలనా కారణాలు" అని రెండు మాటలు రాశారు. ఇరవై రెండేళ్ళు ఒక్క రోజు కూడా ఆలస్యంగా కాలేజీకి వెళ్ళని మనిషికి రెండే రెండు మాటలు. కాబట్టి ఇక్కడ "మేమంతా" అంటే నేనొక్కదాన్నే. కవరు మీద చిరునామా ఎప్పుడూ తన చేతిరాతే కాబట్టి, ఉత్తరాలు అక్కడినుంచి తనే పోస్టు చేస్తానన్నాడు, మీకు అనుమానం రాకూడదని. కవరు మీద ముద్ర పడుతుందన్న సంగతి ఇద్దరికీ తోచలేదు. పెట్టె సర్దుకుంటూ కూడా, "పోనీలే, అక్కడ దోమలు తక్కువట," అన్నాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

మీకు నా మీద కోపం రావాల్సింది దీనికి కాదు. ఇంకోటుంది. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

వెన్నపూస మీ అబ్బాయి గురించి అలా అడగడం అది మొదటిసారి కాదు. పోయినేడు తూర్పు కొండ నివేదిక అప్పుడు కూడా ఇలాగే కొట్టేశాడు, ఇలాగే మీ అబ్బాయి క్షేమం అడిగాడు. అప్పుడు నేను బెంచీల గురించీ పిల్లల గురించీ మాట్లాడలేదు. "చూస్తాను," అని కాగితాలు ఇంటికి తెచ్చుకున్నాను. పెళ్ళైన కొత్తలో మీ పక్కన కూర్చుని ప్రూఫులు చూస్తుంటే మీరు నేర్పిన గుర్తు ఒకటుంది కదా. పొరపాటున కొట్టేసిన మాట కింద వరసగా చుక్కలు పెడితే, కొట్టివేత చెల్లదు, ఆ మాటను అలాగే ఉంచాలని అర్థం. నేను ప్రతి "తోట" కిందా చుక్కలు పెట్టాను. నోటితో కాదనలేదు, కాగితం మీద అవుననలేదు. పాము చావకుండా కర్ర విరగకుండా పని జరిగిపోతుందనుకున్నాను. మొహమాటం కొద్దీ ఆ చుక్కలు పెన్సిల్‌తో పెట్టాను.

"ప్రూఫు సిరాతోనే దిద్దాలి, పెన్సిల్ పట్టినవాడు రేపు నేను కాదంటాడు" అని నాకు మొట్టమొదట చెప్పింది మీరు.

కార్యాలయంలో టైపు చేసే అమ్మాయికి ఆ గుర్తు తెలియదు. తర్వాత అడిగితే, "ఏవో మరకలనుకున్నాను మేడం, రబ్బరుతో తుడిచేశాను," అంది. ఆ అమ్మాయి తప్పేం లేదు. అచ్చయిన నివేదికలో తోటలన్నీ అడవులై వచ్చాయి. కింద నా సంతకం ఉంది. అప్పుడైనా లేచి అరవాల్సింది. తేలుకుట్టిన దొంగలా కూర్చున్నాను. మీ అబ్బాయి ఉద్యోగం ఉన్న ఊళ్ళోనే ఉంది, మనింట్లో అందరం కలిసే ఉన్నాం. ఐదు నెలల్లో తూర్పు కొండ నున్నగా గొరిగేశారు.

కొండ కొట్టేశాక టేపు తాత మనింటికి వచ్చాడు. మీరు వదిన దగ్గరికి వెళ్ళిన వారమే. మంచినీళ్ళు కూడా తాగలేదు. మెడలోంచి టేపు తీసి బల్ల మీద పెట్టి, "ఇక మీ దగ్గర ఉంచుకోండమ్మా. నాకు కొలవడానికేం మిగల్లేదు," అన్నాడు. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, "ఎవరో మహానుభావులు దాన్ని తోటతో సమానమని రాశారంట. వాళ్ళు ఆ కొండెక్కి చూశారంటారా?" అని నన్నే అడిగాడు. ఆయన నివేదిక చదవలేదు, సంతకం ఎవరిదో తెలియదు. తనతో పాటు మూడు రోజులు ఆ కొండెక్కింది నేనే. నేను టేపు చుట్టి సొరుగులో వేశాను. అది ఇప్పటికీ మీ భూతద్దం పక్కనే ఉంది.

మీ అబ్బాయికి ఇదంతా పెట్టె సర్దుకుంటున్నప్పుడు చెప్పాను. "అయితే పోయినేడు నా కోసం ఒక కొండ ఇచ్చేశావన్నమాట," అన్నాడు. తర్వాత, "ఈసారి ఇవ్వకు. అమ్మకు మాత్రం నువ్వే రాయాలి," అన్నాడు. ఈసారి నవ్వలేదు.

పోయిన బుధవారం పెద్ద సమావేశం జరిగింది. అన్ని దేశాల ప్రతినిధులూ వచ్చారు. మంత్రిగారు చదవడం అయ్యాక, సలహాదారులు ఏమైనా అంటారా అని అధ్యక్షురాలు మర్యాద కోసం అడిగింది. ఎవరూ ఏమీ అనరని ముందే అనుకున్నారు. నేను లేచాను. మీ ఎర్రసిరా కలంతో దిద్దిన ప్రతి నా చేతిలో ఉంది. పదకొండు వాక్యాలూ తోట అని పెట్టి చదివాను. వెన్నపూస మొహంలో వెన్న కరిగిపోయింది. తర్వాత, పోయినేడు తూర్పు కొండ గురించి నేను సంతకం పెట్టిన కాగితం కూడా తప్పని, తప్పని తెలిసే సంతకం పెట్టానని చెప్పాను. దిద్దిన ప్రతిని అధ్యక్షురాలి ముందు పెట్టి వచ్చాను.

పడమటి కొండ ప్రస్తుతానికి నిలిచింది. తమ మనుషులు స్వయంగా వచ్చి కొలిచేదాకా ఒక్క చెట్టు ముట్టుకోకూడదని ఆ దేశాల వాళ్ళు పట్టుబట్టారు. ఆ తర్వాత సంగతి తెలియదు. నన్ను సలహా సంఘం నుంచి తీసేశారు. వచ్చిన కాగితంలో "గౌరవనీయులైన" అన్న మాటకు దీర్ఘం తప్పు పడింది. ఎర్రసిరాతో దిద్ది వెనక్కి పంపాను. అంతకంటే చేయగలిగిందేం లేదు. మీ అబ్బాయి బదిలీ రద్దు కాదు, ఇంకా దూరం తోస్తారేమో కూడా. ఇది మీకు నా చేతులతో రాయాల్సి రావడమే నాకు అన్నిటికంటే కష్టంగా ఉంది.

ఆదివారం టేపు తీసుకుని తాత ఇంటికి వెళ్తున్నాను. కొలవడానికి వచ్చేవాళ్ళకు కొండ చూపించడానికి ఆయన కావాలి. ఆ మహానుభావురాలు ఎవరో ముందు చెప్పి, ఆ తర్వాతే టేపు చేతికిస్తాను. పుచ్చుకుంటాడో లేదో ఆయన ఇష్టం.

ఒక్క సంగతి, ఉత్తరం దిద్దేముందు చూడండి. వెనక పేజీలో పెన్సిల్ గురించి రాసిన చోట మొదట "పిరికితనం" అని రాశాను. అది కొట్టేసి, పైన "మొహమాటం" అని మార్చాను. ఉత్తరమంతా మళ్ళీ చదువుకున్నాక, మొహమాటాన్ని కొట్టేశాను. పిరికితనం కింద చుక్కలు పెట్టాను. సిరాతోనే పెట్టాను అత్తయ్యా. ఆ మాటను అలాగే ఉండనివ్వండి.

ఇట్లు,
మీ దగ్గర దిద్దుబాటు నేర్చుకుని, ఆలస్యంగా దిద్దుకున్న
మీ కోడలు