బోర్డు మీద లేని నంబర్లు

మంగళవారం

లాయర్ నోటీసు వెనక్కి తీసుకుంటానన్నాడు నర్సింగ్ కాక. హమ్మయ్య! పది రోజులకు ఇవాళ అన్నం సయించింది.

ఉస్మాన్‌గంజ్‌లో మా దుకాణానికి ఎదురుగా ఉన్న మిర్చి దుకాణం ఆయనది. ఆయన వెబ్‌సైట్ నుంచి రోజూ రేట్లు తెచ్చే ప్రోగ్రామ్ రాసింది నేను. దుకాణం ముందు బోర్డు మీద చాక్‌పీసుతో రాసే రేట్లే కదా అనుకున్నాను. ఆర్డర్ల కింద కొనేవాళ్లు పెట్టిన ఫోన్ నంబర్లు కూడా అది ఎత్తుకొచ్చింది.

“రేట్లు ఎవలన్న సూడొచ్చు బిడ్డా. నా గిరాకీల నంబర్లు బోర్డు మీద రాసిన్నా?”

ఆయన కళ్ల ముందే ఆ నంబర్లన్నీ చెరిపేశాను.

“ఎవలకన్న ఇచ్చినవా?”

“లే కాకా.”

నిజమే చెప్పాను. కానీ నోటీసుకు ముందురోజు ఒక దళారి ఆ నంబర్లు అడిగితే, రేపు పంపుతానన్నాను. ఆ నోటీసు ఒక్కరోజు ఆలస్యమై ఉంటే...