ముందు ముక్కు పోతుందట

1968 ఆగస్టు 6, మంగళవారం

బొంబాయి నుంచి ఉత్తరం. పాసయ్యాను! విశాఖలో పరీక్షకి నేను అతికిన పైపు ముక్కని కోశారట, వంచారట, ఎక్స్‌రే ఫోటో తీశారట — ఎక్కడా చీలలేదట. పదమూడేళ్ళుగా సాలూరు షెడ్డులో లారీలకి అతుకులు వేస్తున్నాను. ఏ డ్రైవరైనా ఒక్కసారి వంగి చూశాడా? పైన రంగు కొట్టి తోలుకుపోవడమే. ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు నా అతుకుకి ఫోటో తీశాడు.

పని అరబ్బు దేశంలో. ఎడారి. చమురు బావులు. రెండేళ్ళకి కాగితం రాసివ్వాలి.

పైడమ్మకి చదివి వినిపించాను. "రెండేళ్ళే కదా మావా, ఎల్లు" అంది. బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఏరుతూ ఆగి — "రెండేళ్ళంటే ఎన్ని నెలలు?"

ఆగస్టు 8

అప్పలసామి మేస్త్రీకి చెప్పాను. నాకు అతుకులేసే గ్యాసు టార్చి పట్టడం నేర్పినవాడు, ఆయనకి చెప్పకుండా ఎలా. "దూరపు కొండలు నునుపురా" అన్నాడు ముందు. తర్వాత ఆయనకే గర్వం వచ్చింది — "ఆళ్ళదీ ట్యాంకే, మనదీ ట్యాంకే. ఆళ్ళది పెద్దది, అంతే. ముక్కు బాగున్నోడికి భయమేటి?"

నిజమే. మా షెడ్డులో ముక్కే మీటరు. డీజిలు ట్యాంకు అతుక్కి వస్తే సోడా వేసిన వేడినీళ్ళతో కడగడం, మూతి దగ్గర ముక్కు పెట్టి పీల్చడం. వాసన తగిలిందా, మళ్ళీ కడుగు. తగల్లేదా, అతుకు దాకా నీళ్ళు నింపి అంటించు. నా చేతి కింద ఒక్క ట్యాంకు పేలలేదు. చమురు మనకేమైనా కొత్తా?

ఆగస్టు 11, ఆదివారం

రామినాయుడు వచ్చాడట. మా మేస్త్రీ దగ్గరే పని నేర్చుకుని, ఐదేళ్ళ కిందట ఆ దేశమే వెళ్ళినవాడు. ఇప్పుడు నరసన్నపేటలో ఉన్నాడట. వచ్చే ఆదివారం వెళ్ళాలి. పదిమందిని అడిగేకన్నా చూసొచ్చినవాణ్ణి అడగడం నయం.

ఆగస్టు 14

వాన. పైడమ్మ ఆకుపచ్చ ట్రంకు పెట్టె తెచ్చేసింది. వీధంతా చెప్పేసింది కూడా. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఆగస్టు 18, ఆదివారం

నరసన్నపేట వెళ్ళొచ్చాను.

రామినాయుడిది కొత్త స్లాబు ఇల్లు. గుమ్మంలోనే కావలించుకున్నాడు. నాకంటే మూడేళ్ళే పెద్ద, చూస్తే మా మేస్త్రీ వయసువాడిలా ఉన్నాడు. అన్నీ బాగే చెప్పాడు. జీతం వేళకి. తిండికి లోటు లేదు. పడుకోవడానికి చల్లటి గది. "భయమేటిరా? ఎండొక్కటే."

మాటల్లో ఉండగా వంటింట్లోంచి మాడువాసన. వాడు అటు వీపు పెట్టి కూర్చున్నాడు. లేస్తాడని చూశాను. లేవడు. ఇల్లంతా కమురు... వాడు ఎండ గురించే చెబుతున్నాడు. పెరట్లోంచి వాళ్ళావిడ పరిగెత్తుకొచ్చి పప్పుగిన్నె దింపింది. "ఈయన్ని కాపలా ఎట్టుకుంటే ఇల్లు కాలిపోయినా తెలవదు బాబూ" అంది. నవ్వుతూనే అంది. వాడు నవ్వలేదు.

బస్సు దాకా దిగబెట్టడానికి వస్తూ దారిలో చెప్పాడు. అన్న మాటలు అన్నట్టే రాసుకుంటున్నాను.

"ఆ బావుల్లోంచి ఒక గేసు వస్తాదిరా. కుళ్ళిన గుడ్ల కంపు. కంపు కొడతంటే పారిపోవచ్చు. ఎక్కువైపోయిందనుకో, ముందు ముక్కు సచ్చిపోతాది. కంపు తెలవదు. ఆ తర్వాత మనిషి."

మాస్కులు ఇవ్వరా?

"ఇచ్చారు. ఆ ఎండలో మొకానికి రబ్బరు తగిలించుకుని ఎవుడుంటాడు? తీసి పక్కనెట్టినాం."

చాలా దూరం నడిచాం. వాడే —

"గోతిలో పైపు అతకాల. పొద్దున్న కంపు. దొర ఆగమన్నాడు, ఆగినాం. మద్దేనం నాను గోతి మూతికాడ ముక్కెట్టి పీల్సాను. ఏటీ లేదు. కంపు పోనాది, దిగండ్రా అన్నాను. ఇద్దరు దిగినారు."

పైకి వచ్చారా మరి?

"సాలూరు ముక్కు కదా. నమ్మినారు."

బస్సెక్కాక కిటికీ దగ్గరికి వచ్చి, "మేస్త్రీకి సెప్పకు" అన్నాడు. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆగస్టు 19

పనికి వెళ్ళలేదు. ఆ గోతి దగ్గర నేనుంటే? నేనూ పీల్చేవాణ్ణి. నేనూ దిగమనేవాణ్ణి. ఇందులో అనుమానమే లేదు. అందుకే ఇంత భయం.

ఆగస్టు 22

నోరాగలేదు. మేస్త్రీకి చెప్పేశాను. "నాను నేర్పిన పని తప్పంటావేటి?" అని సుత్తి విసిరేశాడు. షెడ్డు మూసేటప్పుడు మెల్లగా — "ఆ ఇద్దరూ ఏ ఊరోళ్ళట?"

నేను అడగనే లేదు. సిగ్గేసింది.

ఆగస్టు 24

జలుబు. ట్యాంకు మూతి దగ్గర ముక్కు పెట్టాను. ఏమీ లేదు. డీజిలు లేదా, నా ముక్కు లేదా? కడిగాను. మళ్ళీ కడిగాను. నాలుగోసారికి డ్రైవరు నవ్వాడు — "ఏటయ్యా, ట్యాంకు అరిగిపోతాది!" చివరికి మేస్త్రీ వచ్చి పీల్చి సరే అన్నాడు. టార్చి అంటించాను. అతుకు వంకర పోయింది. ఇన్నేళ్ళలో ఇదే మొదలు.

ఆగస్టు 27

పైడమ్మకి మొత్తం చెప్పాను. విన్నంతసేపూ పెట్టె మీదే కూర్చుంది.

"ఎల్లకు."

వీధంతా చెప్పావు కదా అన్నాను.

"నవ్వితే నవ్వనీ. నవ్వితే నా పళ్ళూడతాయేటి?"

కోపం వచ్చింది నాకు. రంగు కింద అతుకులు వేసుకుంటూ ఇక్కడే చావమంటావా అని అరిచాను.

"బతకమంటన్నాను."

బయటికి వచ్చేశాను.

ఆగస్టు 28

హైస్కూలు మాస్టారి చేత బొంబాయికి ఇంగ్లీషులో ఉత్తరం రాయించాను. అక్కడ ఆ గ్యాసు ఉందా? ఉంటే ముక్కుతో కాక మరి దేనితోనైనా చూస్తారా? చూడకపోతే, నేను దిగను అనవచ్చా? మూడోది కొట్టేద్దామన్నారు మాస్టారు — "ఇలా అడిగితే ఉద్యోగం ఊడుతుందయ్యా." ఉంచండి అన్నాను. పోతే పోయింది.

ఉత్తరం డబ్బాలో వేశాక, పోకూడదని కూడా అనిపించింది.

సెప్టెంబరు 5

జవాబు లేదు.

సెప్టెంబరు 9

వచ్చింది. ఏయే బట్టలు తెచ్చుకోవాలో రాశారు. ఫోటోలు ఎన్ని కావాలో రాశారు. జనవరిలో ప్రయాణమట. నేను అడిగినవాటికి ఒక్క ముక్క లేదు. మాస్టారు రెండువైపులా తిప్పి చూశారు.

సెప్టెంబరు 10

జనవరి దాకా వ్యవధి ఉంది. అలా అనుకుంటే కాస్త అన్నం దిగింది.

పైడమ్మ పెట్టె కొట్లో తిరిగి ఇవ్వలేదు. నేనూ ఇవ్వమనలేదు. ఎవరూ చదవని పుస్తకమే కదా, నిజం రాస్తాను. వెళ్ళాలని ఉంది. ఆ పెద్ద పైపుల మీద నా చెయ్యి పడాలని ఉంది. మాస్కు తియ్యకుండా ఉంటే సరి... రామినాయుడు కూడా మొదటిరోజు అలాగే అనుకుని ఉంటాడు.

సెప్టెంబరు 13

జలుబు తగ్గింది. షెడ్డులో అన్ని వాసనలూ వచ్చాయి — కార్బైడు, గ్రీజు, ఎదురు హోటల్లో ఉల్లిపాయలు. సంతోషం కలగలేదు. ఏ వాసన రావడం లేదో ఎలా తెలుస్తుంది?

సెప్టెంబరు 17, మంగళవారం

తంతి. పైడమ్మ గుండె పట్టుకుంది, ఎవరో పోయారని. కాదు, బొంబాయి నుంచే అన్నాను. మాస్టారి దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. జనవరి దాకా ఆగక్కర్లేదట. అక్కడ ఒక వెల్డరు జాగా ఉన్నట్టుండి ఖాళీ అయిందట. వెంటనే బయల్దేరాలి, ఈ రోజే తంతి జవాబు ఇవ్వాలి.

దారిలో పైడమ్మ ఆగిపోయింది. "మరి ఆ ఉన్నోడు ఏటయ్యాడు మావా?"

సెలవు మీద ఊరెళ్ళి ఉంటాడు అన్నాను.

"రెండేళ్ళకి కాగితం రాసిచ్చినోడికి సెలవేటి?"

తిరిగొచ్చేసి ఉంటాడు, పని నచ్చక... ఏదో అన్నాను. నా మాట నాకే వినబుద్ధి కాలేదు. పైడమ్మ ఇంటికి వెళ్ళిపోయింది. నేను పోస్టాఫీసుకి వచ్చాను.

వరండాలో కూర్చుని ఇది రాస్తున్నాను. తంతి ఫారం మోకాలి మీద ఉంది. బొంబాయి అడ్రసు రాశాను. కింద నా పేరు రాశాను. మధ్యలో ఒక్క మాట రాయాలి. వస్తున్నాను అనా? ఆ జాగాలో ఉన్నవాడి పేరేమిటి అనా?

ఐదింటికి కిటికీ మూసేస్తారు. నాలుగూ నలభై అయింది.