నాలుగు వాటాల ఇల్లు

జూన్ 2, ఆదివారం, పొద్దున

అక్కకి,

గొట్టంగాడి నమస్కారాలు. ఇక్కడ నేనూ నీ మరదలూ కులాసా. నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను అని రాయడం ఆనవాయితీ. ఐదేళ్ళుగా నా ఫోను ఎత్తని మనిషి గురించి తలుచుకోవడం తప్ప ఏం చెయ్యగలను? కవరు మీద నా కోడికెలుకుడు రాత చూసి అవతల పడెయ్యకుండా ఇక్కడిదాకా వచ్చావంటే చాలు, మిగతాది నేనే చదివిస్తాను.

సంగతేమిటంటే, ఇల్లు కొంటున్నాను! మా ఒక్క కాపురానికి కాదు, అద్దెలకిచ్చుకునే నాలుగు వాటాల ఇల్లు. కింద రెండు, పైన రెండు, మధ్యలో మెట్లు. ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ గొట్టాలు బాగుచేసినవాడికి ఇప్పుడు నాలుగు వాటాల గొట్టాలు సొంతం!

ఎక్కడంటావా? నూనె మిల్లు వెనక వీధిలో. నేను ప్లంబింగు పనిలో చేరిన కొత్తలో, ఆ వీధిలో మురుగు నిలిచిందంటే మా గురువు నన్నే తోలేవాడు. ఇంటికొస్తే నువ్వు నన్ను గుమ్మం తొక్కనిచ్చేదానివి కాదు. వాకిట్లోనే నిలబెట్టి చెంబులకు చెంబులు నెత్తిన గుమ్మరించేదానివి. ఎడంచేతి వాటం దానివి కదా, చెంబు ఎటునుంచి వస్తుందో తెలిసేది కాదు. గొట్టంగాడు అని పేరు పెట్టిందీ అప్పుడే.

ఆ వీధిని ఇప్పుడు చూస్తే నువ్వు గుర్తుపట్టవు. మిల్లులో జిమ్ము పెట్టారు. గోనెసంచుల కొట్టులో కాఫీ అమ్ముతున్నారు, సాయంత్రమైతే కూర్చోవడానికి కుర్చీ దొరకదు. వీధి చివర రైలు స్టేషను లేస్తోంది. ఇస్త్రీ ఆయన మాత్రం అక్కడే ఉన్నాడు, కొత్త బోర్డు ఒకటి తగిలించుకుని.

ఇల్లు చూడగానే నీ మరదలు మొహం చిట్లించింది. గోడలు పెచ్చులూడుతున్నాయి, మెట్ల పక్కన కమ్మీ పట్టుకుంటే ఊగుతోంది. నేను గోడలు చూస్తానా? నేరుగా డాబా ఎక్కి ట్యాంకులో చెయ్యి పెట్టాను. కిందికొచ్చి మురుగు తొట్టి మూత ఎత్తి, బోర్లా పడుకుని లోపలికి చూశాను. పాతకాలపు ఇనప గొట్టాలక్కా, అయినా వాటం చెడలేదు, చుక్క నీరు నిలవడం లేదు. బురద చొక్కాతోనే లేచి, తీసుకుంటాను అన్నాను. బ్రోకరు నోరెళ్ళబెట్టాడు. మురుగు చూసి ఇల్లు ఖాయం చేసుకున్నవాణ్ణి ఇదే చూడడం అన్నాడు.

అడ్వాన్సు ఇచ్చేశాం. రిజిస్ట్రేషను పధ్నాలుగో తేదీన. ఇల్లుగలాయన మంచివాడు, ఈలోపు మరమ్మతులు మొదలుపెట్టుకోమని తాళాలు ఇచ్చేశాడు.

ఒక తమాషా రాయాలి. పాత వాళ్ళని ఖాళీ చేయించి, రంగులు వేయించి, రెట్టింపు అద్దెకి ఇచ్చుకోమని బ్రోకరు సలహా చెప్పాడు. దాచడమెందుకు, నాకూ ఆశ పుట్టింది. పై వాటాలో టైపు నేర్పే పెద్దావిడ ఉంది, ముప్పై ఏళ్ళ నుంచీ అక్కడే. ఈ మాట చెవిన పడి గబగబా దిగొచ్చి, బాబూ, నా వాటా సంగతి ఏం చేస్తావని అడిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది. కొంటున్నది నేనైతే మధ్యలో మీకు వాటా ఏమిటి, కావాలంటే కోర్టుకెళ్ళండి అన్నాను. ఆవిడ బిత్తరపోయింది. కోర్టెందుకు బాబూ, నేనుండే రెండు గదుల సంగతి అడుగుతున్నాను, ఉండమంటావా పొమ్మంటావా అంది. నీ మరదలూ, తాపీమేస్త్రీ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాననుకో. ఆవిణ్ణి ఉండమన్నాను. ఆ పూట మాత్రం నాకు ముద్ద దిగలేదు.

ఖాళీగా ఉన్నది కింది వాటా ఒక్కటే. పని అక్కడే మొదలుపెట్టాను. మెట్లెక్కే బాధ లేదు, రెండు కిటికీలూ తూర్పుకే. వంటగదిలో సింకు పీకించి అవతలి గోడకి పెట్టించి, కుళాయి ఎడమవైపుకి తిప్పాను. అందరి చేతులూ ఒకవైపుంటే నీ కుళాయి ఇంకోవైపేమిటి, గొట్టం దండగ అని మేస్త్రి ఒకటే గోల. నేనే గొట్టం కోసి బిగించాను.

వచ్చే నెల నీకు ఆస్పత్రిలో ఆఖరి డ్యూటీ అనీ, నర్సుల క్వార్టర్సు ఖాళీ చెయ్యాలనీ పిన్ని చెప్పింది. ముప్పై మూడేళ్ళ పాటు, వచ్చిన రోగులందరికీ మంచం చూపించినదానివి, ఇప్పుడు ఒక గది కోసం నువ్వు వీధులు తిరుగుతున్నావంటే నాకు ఏడుపొచ్చింది.

నిన్ను అడిగినట్టు రాయమని నీ మరదలు రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ రాసినట్టే అనుకో.

ఇట్లు,
నీ గొట్టంగాడు

తా.క.: ముద్ద ఎందుకు దిగలేదో పైన రాయడానికి ధైర్యం చాలలేదు. ఐదేళ్ళ కిందట, మేం రెండు వాటాల ఇంట్లో అద్దెకి దిగిన రోజున, నువ్వు సెలవు పెట్టి పెట్టెతో వచ్చావు. గుమ్మంలోనే నిలబడి, నా వాటా ఏదిరా అని నవ్వుతూ అడిగావు. నీకు చెప్పకుండా అమ్మ స్థలం అమ్మేసి, ఆ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను నేను. మనసులో దొంగ ఉన్నవాడికి ఎలా వినపడాలో అలాగే వినపడింది. కోర్టుకెళ్ళు అన్నాను. నువ్వు పెట్టె కింద పెట్టకుండానే వెనక్కి తిరిగావు. పెట్టె ఎక్కడ పెట్టుకోవాలని అడిగావే తప్ప ఇంకేమీ అడగలేదని, పెద్దావిడ మొహం చూశాకే నాకు తెలిసింది. తప్పు నాదక్కా.

అమ్మ స్థలం డబ్బే ఈ ఇంటికి పెట్టాను. కాగితాలు ఇద్దరి పేరునా రాయించాను, నీ సంతకం లేనిదే ఇల్లు మనది కాదు. పధ్నాలుగున పదకొండింటికి రిజిస్ట్రారు ఆఫీసుకి రా. పెట్టె తెచ్చుకో. నీ వాటా ఏదని ఈసారి అడగక్కర్లేదు, కుళాయి ఎడమవైపు ఉన్నదే.